కాపరి నడిచిన దారి: తలకొండపాడు నుంచి కారంచేడు దాకా

మన తీరం, మన పల్లెలు – చరిత్ర ధారావాహిక

బకింగ్‌హామ్ కాలువ మద్రాసు వైపు నుంచి పెదగంజాం దాకా ఎలా వచ్చిందో గత సంచికలో చూశాం. కరువు కాలంలో ఆ మట్టి తవ్వి గంపలకెత్తిన వాళ్లలో చాలామంది మాదిగపల్లెల జనం. ఈ సంచిక వాళ్లది, వాళ్ల మధ్య తిరిగిన సంఘకాపరులది.

1878 జూలై 3న ఒంగోలుకు పది మైళ్ల దూరంలో, వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. ఆ రోజుల్లో అమెరికా, ఇంగ్లండు క్రైస్తవ పత్రికలు ఈ అంకెను ఆశ్చర్యంగా చెప్పుకున్నాయి. మిషన్ చరిత్ర రాసిన ప్రతివారూ దాని దగ్గర ఆగారు. ఆగడం సబబే. అయితే అంతమంది ఆ ఒడ్డుకు రావడానికి ముందు పన్నెండేళ్లపాటు ఊరూరా తిరిగిందెవరు? వాళ్లు తిరిగి ఇళ్లకు వెళ్లాక వారం వారం పలకరించిందెవరు? ఈ రెండు ప్రశ్నలకూ జవాబు దొరికితేనే సంఘం ఎలా పుట్టిందో, ఎలా నిలిచిందో తెలుస్తుంది.

తోళ్ల వ్యాపారి పేరయ్య

ఎర్రగుంట్ల పేరయ్యది ఒంగోలుకు పడమరగా నలభై మైళ్ల దూరంలోని తలకొండపాడు. మాదిగ కులస్థుడు, తోళ్ల వ్యాపారి. క్రైస్తవుడు కాకముందే ఆయన సాధకుడు. రాజయోగ మార్గంలో ఉపదేశం పొందాడు, ధ్యానం చేసేవాడు, తన చుట్టూ నలుగురిని కూర్చోబెట్టుకుని చెప్పేవాడు. ఆనాటి మాదిగపల్లెల్లో మతచింతన లేదనుకోవడం పొరపాటు. గురువులు పల్లెలకు వచ్చేవారు, శిష్యులు ఉండేవారు, తత్త్వాలు పాడుకునేవారు. గుడి గడప తొక్కనివ్వని సమాజంలోనే వాళ్లు దేవుణ్ణి తమ దారిన వెతుక్కున్నారు.

వ్యాపారం మీద ఏలూరు వైపు వెళ్లినప్పుడు పేరయ్య అక్కడి మిషనరీల నోట క్రీస్తు మాట విన్నాడు. ఇంటికొచ్చి తన వాళ్లకు చెప్పాడు. 1866లో భార్య నాగమ్మతో కలిసి ఒంగోలు వచ్చి, నెల్లూరు మిషనరీ లైమన్ జ్యూయెట్ చేతుల మీదుగా బాప్తిస్మం పొందాడు. అప్పటికి ఒంగోలులో నివాసముండే మిషనరీ ఎవరూ లేరు. వెతుక్కుంటూ వచ్చింది పేరయ్య దంపతులే.

అంతకుముందు పన్నెండేళ్ల నాటి సంగతి ఒకటి ఇక్కడ చెప్పుకోవాలి. 1854 జనవరి 1 తెల్లవారుజామున ఐదుగురు ఒంగోలు కొండెక్కి ప్రార్థన చేశారు. వారు జ్యూయెట్, ఆయన భార్య, క్రిస్టియన్ నర్సు అనే ఆయన, జూలియా, రూతు. ఈనాటికీ ఒంగోలు క్రైస్తవులు దాన్ని ప్రార్థన కొండ అనే పిలుస్తారు. కొండెక్కిన ఐదుగురిలో ముగ్గురు ఈ నేల బిడ్డలు, ఆ ముగ్గురిలో ఇద్దరు స్త్రీలు. మిషనరీ శామ్యూల్ డే 1836లో మొదలుపెట్టిన ఈ తెలుగు బాప్టిస్టు మిషన్‌ను ఫలితం లేదని మూసేద్దామా అని అమెరికాలో పెద్దలు ఒకటికి రెండుసార్లు చర్చించిన కాలం అది.

క్లౌ దొర రాక

ఆ మిషన్ పంపిన మిషనరీ జాన్ ఎవరెట్ క్లౌ 1836లో న్యూయార్క్ రాష్ట్రంలో పుట్టాడు. యువకుడిగా ఉన్నప్పుడు మిన్నెసోటాలో భూముల సర్వే పని చేశాడు. 1865లో నెల్లూరు చేరి, 1866 సెప్టెంబరులో భార్య హారియట్‌తో ఒంగోలులో కాపురం పెట్టాడు. 1867 జనవరి 1న ఒంగోలు సంఘం ఎనిమిది మంది సభ్యులతో ఏర్పడింది.

అదే నెలలో పేరయ్య కబురు పంపాడు. క్లౌ తలకొండపాడు వెళ్లేసరికి ఊరి బయట చింతతోపులో ముప్పై నలభై మంది ఎదురుచూస్తున్నారు. వంటపాత్రలు, తిండిగింజలు, బాప్తిస్మానికి మార్చుకునే బట్టలు వెంట తెచ్చుకున్నారు. రోజుల తరబడి విని, అడిగి, తేల్చుకుని వెళ్లాలని వచ్చిన మనుషులు. వారిలో 28 మందికి క్లౌ బాప్తిస్మం ఇచ్చాడు. దొర వచ్చి బోధిస్తే కదిలిన జనం కాదు ఇది. పేరయ్య చెప్పగా చాలాకాలంగా విని, మనసులో తేల్చుకున్నాకే దొరను పిలిపించారు.

ఒంగోలులో ఇంకో పరీక్ష ఎదురైంది. పై కులాలవారు కొందరు క్రైస్తవ బోధ వినడానికి ఆసక్తిగా వస్తున్నారు. మాదిగలను చేర్చుకుంటే తాము రాలేమని వారు తేల్చి చెప్పారు. క్లౌ, హారియట్ వేర్వేరు గదుల్లో ఈ ఆలోచనతోనే సతమతమవుతూ బైబిలు తెరిస్తే, ఇద్దరికీ కొరింథీయులకు పౌలు రాసిన మొదటి పత్రికలోని ఒకే భాగం కనిపించిందని క్లౌ చెప్పుకున్నాడు. లోకం నీచమని తోసేసిన వారినే దేవుడు ఏర్పరచుకున్నాడని చెప్పే భాగం అది. ఆ దంపతులు మాదిగపల్లె వైపే నిలబడ్డారు. ఈ తీరంలో సంఘం ఎవరి మధ్య పెరగాలో ఆ నిర్ణయంతో తేలిపోయింది.

మూడు నియమాలు, ముప్పై కష్టాలు

సంఘంలో చేరినవారికి క్లౌ పెట్టిన నియమాలు మూడు. ఆదివారం పని చేయకూడదు, చచ్చిన పశువు మాంసం తినకూడదు, విగ్రహాలకు మొక్కకూడదు. మతనియమాల్లా కనిపించే ఈ మూడూ గ్రామ వ్యవస్థ కీళ్లు కదిలించాయి.

మాదిగ కుటుంబం ఊరికి చేయాల్సిన వెట్టి చాలా ఉండేది. రైతుకు చెప్పులు కుట్టాలి, కపిల తోలడానికి తోలుబానలు చేసివ్వాలి, చచ్చిన గొడ్డును ఎత్తుకెళ్లాలి, జాతర్లలో డప్పు కొట్టాలి, కరణం మునసబుల కబుర్లు మోయాలి. దానికి బదులుగా కళ్లం దగ్గర మేర దొరికేది. విగ్రహారాధన వద్దంటే జాతరకు డప్పు కొట్టేవాడు లేకుండా పోతాడు. ఆదివారం పని వద్దంటే కోతల రోజుల్లో కూలి ఆగిపోతుంది. మనిషి తన రోజుల్లో ఒకదాన్ని తనదిగా చెప్పుకోవడం ఆ గ్రామాలకు పూర్తిగా కొత్త. అందుకే ఎదురుదెబ్బలు తగిలాయి. బావుల దగ్గరికి రానివ్వలేదు, పనులు మాన్పించారు, దొంగతనాలు అంటగట్టారు.

ఆ దెబ్బలు తగిలిన రోజున పల్లెలో ఉన్నది బోధకుడు. ఒంగోలు నుంచి దొర వచ్చేసరికి రోజులు పట్టేది. భయపడ్డ కుటుంబాన్ని ఆ రాత్రి కూర్చోబెట్టి ధైర్యం చెప్పాల్సిందీ, పెద్దలతో మాట్లాడాల్సిందీ, కబురు ఒంగోలుకు చేరవేయాల్సిందీ తెలుగు బోధకుడే. సంఘకాపరి ఉద్యోగం అంటే అసలు ఇదే. ప్రసంగం అందులో ఒక భాగం మాత్రమే.

సంఘాన్ని కట్టిన తీరు

క్లౌ గొప్పదనం ఎక్కడుందంటే, పల్లెలో అప్పటికే ఉన్న కట్టుబాటును ఆయన గౌరవించాడు. మాదిగపల్లెకు తన పెద్దలున్నారు, పంచాయతీ ఉంది, తగవు తీర్చే పద్ధతి ఉంది. అమెరికా సంఘాల్లో మాదిరిగా ఓట్లు, కమిటీలు తెచ్చి రుద్దితే అతకదని ఆయన అనుభవంతో గ్రహించాడు. పల్లెపెద్దల పద్ధతినే సంఘానికి ఆధారం చేశాడు. బోధకులను జంటలుగా పంపాడు. గురువుకు శిష్యులు అన్నం పెట్టే ఆనవాయితీ ఎలాగూ ఉంది కాబట్టి, తమ బోధకుణ్ణి తామే పోషించుకోవాలని పల్లెలకు చెప్పాడు. మూడు నెలలకొకసారి బోధకులంతా ఒంగోలులో కలిసేవారు. ఏ పల్లెలో ఏం జరిగిందో ఒకరికొకరు చెప్పుకుని, కొత్త పాఠం నేర్చుకుని మళ్లీ బయలుదేరేవారు. 1872లో రామాయపట్నంలో వేదాంత పాఠశాల తెరిచాక వారికి క్రమబద్ధమైన చదువు కూడా దొరికింది.

పగలంతా పొలంలో ఉండే జనానికి బోధ రాత్రిపూటే. చదువు రాని వారికి పాటే పుస్తకం. వాక్యం కంఠస్థం చేయించడం, పిల్లలకు అక్షరాలు దిద్దించడం, పెళ్లి జరిపించడం, శవాన్ని మట్టి చేయించడం, మొగుడూ పెళ్లాల తగవు తీర్చడం, తాగి కొట్టినవాణ్ణి పెద్దల ముందు నిలబెట్టడం, అన్నీ ఆ కాపరి పనులే. పేరయ్యకు తోళ్ల వ్యాపారం నేర్పిన దారులు ఇందుకు పనికొచ్చాయి. ఏ ఊళ్లో ఎవరికి ఎవరు చుట్టమో ఆయనకు తెలుసు. సువార్త బంధుత్వాల దారుల్లో నడిచింది.

పేరయ్య జీవితం మనకు తెలుస్తున్నది ఒక మహిళ శ్రమ వల్ల. క్లౌను తర్వాతి కాలంలో పెళ్లాడిన ఎమ్మా రౌషెన్‌బుష్ మాదిగల నోట వారి కథలు విని, రాసుకుని, 1899లో పుస్తకంగా అచ్చు వేయించింది. పేదల పక్షాన నిలబడని క్రైస్తవం క్రైస్తవం కాదని అమెరికాలో వాదించిన వేదాంతి వాల్టర్ రౌషెన్‌బుష్ ఆమె తమ్ముడు. అక్క ఒంగోలు పల్లెల్లో చూసినదీ, తమ్ముడు న్యూయార్క్ మురికివాడల్లో చూసినదీ ఒకే రకం ఆకలి.

కరువు, కాలువ, ఏరు

1876 నుంచి 1878 వరకు దక్షిణాదిని పీల్చేసిన కరువులో ఒంగోలు సీమ మలమల మాడింది. ప్రభుత్వం బకింగ్‌హామ్ కాలువ తవ్వకాన్ని కరువు పనిగా పెట్టింది. సర్వే పని ఎరిగిన క్లౌ మూడున్నర మైళ్ల కాలువకు కాంట్రాక్టు తీసుకున్నాడు. లాభం కోసం కాదు, తన పల్లెల జనానికి కూలి సక్రమంగా ముట్టడం కోసం. పనిమీద మేస్త్రీలుగా తన బోధకులనే పెట్టాడు. జనం అలసి కూర్చున్నప్పుడు వారి పక్కన కూర్చుని మాట్లాడేదీ వాళ్లే. ఏ ఊరివాడికైనా, ఏ కులంవాడికైనా అక్కడ కూలి దొరికింది. తిట్టని, కొట్టని మేస్త్రీని చాలామంది మొదటిసారి చూశారు.

ఆ నెలల్లో బాప్తిస్మం అడిగినవారు వేలల్లో ఉన్నారు. క్లౌ ఇవ్వలేదు. 1877 మార్చి నుంచి పదిహేను నెలలపాటు తలుపు మూసే ఉంచాడు. అన్నం కోసం మతం అన్న మాట పడకూడదని, కూలి, సహాయం అన్నీ అయిపోయాకే ఎవరు నిలబడతారో చూడాలని ఆయన ఉద్దేశం. 1878 వేసవిలో సహాయం ఆగిపోయింది. జనం ఆగలేదు. వెల్లంపల్లికి తండోపతండాలుగా వచ్చారు.

అక్కడ జరిగిన పద్ధతి గమనించదగ్గది. ఏ ఊరివారిని ఆ ఊరి బోధకుడు, పెద్దలు విడివిడిగా పరీక్షించారు. ఫలానా మనిషి నిజాయితీగా వస్తున్నాడని తెలిసినవారు పూచీ పడ్డాకే పేరు రాశారు. ఏట్లో ఇద్దరు బోధకులు నిలబడి బాప్తిస్మం ఇస్తుంటే, అలసినప్పుడు మరో ఇద్దరు దిగేవారు. ఆరుగురు బోధకులు, అందరూ మనవాళ్లే. క్లౌ ఆ రోజు ఒక్కరికి కూడా బాప్తిస్మం ఇవ్వలేదు. ఆ ఏడాది ముగిసేసరికి కొత్తగా చేరినవారు తొమ్మిది వేలు దాటారు. ప్రపంచంలోనే పెద్ద బాప్టిస్టు సంఘంగా ఒంగోలు పేరు మోగింది.

పేరు మోగిన మరునాటి నుంచే అసలు కష్టం మొదలైంది. వందల పల్లెల్లో చెదిరి ఉన్న వేలమందికి కాపరులు చాలలేదు. కరువు పోయి పంట పండితే పాత భయాలు, పాత వెట్టి మళ్లీ తలుపు తడతాయి. అందుకే సీమను పంచారు. 1883లో బాపట్ల, వినుకొండ, నరసరావుపేటలు వేరు కేంద్రాలయ్యాయి. బాపట్లలో ఉపాధ్యాయ శిక్షణ పాఠశాల పెరిగింది. అక్కడ తయారైన పంతుళ్లలో చాలామంది వారం రోజులు బడి, ఆదివారం గుడి నడిపారు. పల్లెకు పంతులు, కాపరి ఒక్కడే అయ్యాడు. సంఘం బతికి బట్టకట్టింది ఆ చాలీచాలని జీతపు మనుషుల వల్ల.

లూథరన్ సీమ

బాపట్ల, చీరాల, తెనాలి, రేపల్లె వైపు మరో పాయ ఉంది. 1842 జూలై 31న గుంటూరు చేరిన ఫాదర్ హేయర్‌తో లూథరన్ సంఘం మొదలైంది. అదే 1927లో ఆంధ్ర ఎవాంజెలికల్ లూథరన్ సంఘంగా తన కాళ్ల మీద నిలబడింది. చీరాలలో ఆసుపత్రి, ఊరూరా బడులు ఈ సంఘం పెట్టినవే. స్థూలంగా చూస్తే లూథరన్ సంఘాల్లో మాలలు, ఒంగోలు సీమ బాప్టిస్టు సంఘాల్లో మాదిగలు ఎక్కువ. మిషన్లు పల్లెలను పంచుకున్నప్పుడు కులం గీత కూడా వాటితోపాటు గుడిలోకి వచ్చింది. పక్కపక్క పల్లెల్లో రెండు గుళ్లు, రెండు శ్మశానాలు. క్రీస్తు శరీరం ఒక్కటేనని ఆదివారం చెప్పుకునే సంఘాలు ఈ గీతను చెరపలేకపోవడం వాటి చరిత్రలో పెద్ద లోటు.

కారంచేడు అడిగిన ప్రశ్న

1985 జూలై 16న చీరాలకు ఏడెనిమిది కిలోమీటర్ల దూరంలోని కారంచేడులో, మాదిగపల్లె మంచినీటి చెరువు దగ్గర గొడవ జరిగింది. తాగే నీళ్లలో గేదెల కుడితి బకెట్టు కడుగుతున్న పెత్తందారీ కుటుంబాల యువకులను పల్లెవాళ్లు వద్దన్నారు. కొట్టబోతే నీళ్లకు వచ్చిన మున్నంగి సువార్త అనే మహిళ తన బిందె ఎత్తి అడ్డుకుంది. మర్నాడు, జూలై 17 ఉదయం, పెత్తందారీ కులంవారు గుంపుగా పల్లె మీద పడ్డారు. పొలాల్లోకి పరుగెత్తిన వాళ్లను తరిమి తరిమి కొట్టారు. ఆరుగురు చనిపోయారు. ఆడపిల్లల మీద అత్యాచారాలు జరిగాయి. చనిపోయినవారిలో బైబిలు పేర్లు పెట్టుకున్నవారున్నారు.

బతికినవాళ్లు చీరాలకు పారిపోయి లూథరన్ చర్చి ఆవరణలో తలదాచుకున్నారు. ఆ ఆవరణే శిబిరమైంది. అక్కడే వండుకున్నారు, అక్కడే ఏడ్చారు, అక్కడే సభలు పెట్టుకున్నారు. బొజ్జా తారకం హైకోర్టులో ప్రభుత్వ ప్లీడరు పదవి వదిలేసి వచ్చారు, ఉద్యమకారుడు కత్తి పద్మారావు వచ్చారు. ఆ సెప్టెంబరు 1న దళిత మహాసభ పుట్టింది. మాల, మాదిగ అన్న గీత దాటి దళితులు ఒక్క గొంతుతో మాట్లాడిన సందర్భం అది. మిషన్లు వందేళ్లలో చెరపలేని గీతను ఆ శిబిరం కొంతకాలమైనా చెరిపింది. ఊరికి తిరిగి వెళ్లబోమన్న కుటుంబాలకు చీరాలలో విజయనగర్ కాలనీ వెలిసింది. దేశంలో 1989 నాటి అత్యాచారాల నిరోధక చట్టం రావడానికి కారంచేడు కూడా ఒక కారణం. సుప్రీంకోర్టు తుది తీర్పు 2008 డిసెంబరులో గానీ రాలేదు. ప్రధాన నిందితుడికి యావజ్జీవం, మరో 29 మందికి మూడేళ్ల జైలు పడ్డాయి.

పేరయ్య కాలంలో జాతరకు డప్పు కొట్టనన్న మాదిగకూ, 1985లో తాగే నీళ్లు పాడుచేయొద్దన్న మాదిగకూ మధ్య నూరేళ్ల బోధ ఉంది, బడి ఉంది, ఆదివారం ఉంది. ఆ తెగువకు సంఘం ఒక్కటే మూలం అనను. అంబేడ్కర్ ఆలోచన, చదువు, కొత్త రాజకీయాలు అన్నీ కలిశాయి. కానీ రాత్రిపూట దీపం చుట్టూ కూర్చోబెట్టి, నువ్వూ దేవుని పోలికలో పుట్టిన మనిషివేనని చెప్పిన కాపరి ఆ మార్పుకు తొలి పంతుళ్లలో ఒకడు. చర్చి గేటు ఆ రోజు తెరుచుకోవడం ఆ బోధకు తగిన పని.

నిలిచే సంఘం ఏది?

ఆ కాపరుల దారి ఇప్పటికీ సులువుగా లేదు. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం క్రైస్తవ మతంలోకి వెళ్లిన దళితుడికి షెడ్యూల్డు కుల హోదా లేదు. మన రాష్ట్రంలో వారిని వెనుకబడిన తరగతుల సి గ్రూపులో చేర్చారు. 2025లో బాపట్ల జిల్లాకే చెందిన ఒక పాస్టరు ఫిర్యాదుపై నడిచిన కేసులో, మతం మారిన వ్యక్తికి అత్యాచారాల నిరోధక చట్టం రక్షణ వర్తించదని ఆంధ్రప్రదేశ్ హైకోర్టు చెప్పింది. ఊరి దృష్టిలో కులం మారలేదు, చట్టం దృష్టిలో మారింది. ఈ రెంటి మధ్య నలుగుతూనే పల్లె పాస్టరు ఇవాళ తన పని చేస్తున్నాడు.

ఈ నూటయాభై ఏళ్ల చరిత్ర చదివాక నాకు తేలిన మాట ఒక్కటే. ఈ తీరంలో సంఘం కొత్త ఊపిరి తీసుకున్న ప్రతిసారీ, కాపరి తన మందతో వారంలో ఏడు రోజులూ ఉన్నాడు. కాలువ గట్టున మట్టి మోసేవాళ్ల పక్కన ఉన్నాడు, బావి దగ్గర తగవులో ఉన్నాడు, శిబిరంలో వంట దగ్గర ఉన్నాడు. కాపరి ఆదివారానికి పరిమితమైన చోట గుడి పెద్దదైనా సంఘం చిన్నబోయింది. 2,222 అన్న అంకెకు విలువ తెచ్చింది దాని ముందూ వెనకా ఉన్న నడకే. ఆ నడకలో మొదటి పేరు ఎర్రగుంట్ల పేరయ్యది. చరిత్ర పుస్తకాలు క్లౌ పేరు తర్వాత ఆయన పేరు రాశాయి. తలకొండపాడు చింతతోపులో ఎవరు ఎవరిని పిలిచారో గుర్తుంచుకుంటే ఆ వరుస మారాలి.

పాఠకులకు ఒక మనవి. మీ ఊరి గుడిలో పాత బాప్తిస్మపు రిజిస్టర్లు, కోతకానుకల లెక్కలు, సంఘపెద్దల తీర్మానాల పుస్తకాలు చెదలు పట్టకముందే ఫొటోలు తీయించి భద్రపరచండి. మీ తాతల కాలంలో మీ పల్లెకు బోధకుడిగా వచ్చినవారి పేరు, ఊరు, పనిచేసిన ఏళ్లు పెద్దవాళ్లను అడిగి రాసిపెట్టండి. దొరల జీవితాలు అచ్చయ్యాయి. మన కాపరుల జీవితాలు ఇంకా ఆ రిజిస్టర్లలోనే ఉన్నాయి.

(వచ్చే సంచికలో: సాల్వేషన్ ఆర్మీ, స్టూవర్టుపురం)